లీటరుకు రెండున్నర

అది స్టార్టయితే
నాంపల్లి సరాయి గోడ మీది పావురాలు లేచేటివి,
చప్పుడుకు కాదు,
కాళ్ల కింద సున్నం వణికి.

కంపెనీ పేరు మా నోట్ల తిరగకపోయేది.
షెడ్డుల దాని పేరు ఎనిమిది.
ఎనిమిదొచ్చింది, ప్లగ్గులు కడుగు.
ఎనిమిది సాబుకు చాయ్ చెప్పు, మలాయి ఎక్కువ.
సాబు అసలు పేరు ముకర్రం అలీ.
కొన్ననాడు మైలేజీ అడగలేదట.
అడిగితే, పెండ్లిపిల్ల ఎంత తింటదని
మామను అడిగినట్టుంటదని నవ్వేటోడు.
లీటరుకు రెండున్నర. ఉస్తాద్ దస్తగీర్ కొలిచి
నాకొక్కనికే చెప్పిండు, చెవుల.

డెబ్బై మూడు చలికాలం.
సముద్రం అవతల ఎవరో నల్లా తిప్పేసిండ్రు.
నాకు తెల్సింది పేపర్ల కాదు.
లక్డీకాపూల్ బంకుల నర్సోజి
పలక మీద సుద్దతో రేటు రాసి, చెరిపి,
ఎంగిలి పెట్టి మళ్లా చెరిపి,
ఆఖరికి అంకె కింద నలుపే మిగల్లే.

పురానాపూల్ అవతల డేవుడీలల్ల
పెద్ద పెద్ద బండ్లు ఇటుకల మీద కూసున్నయి.
ఒకదాని డిక్కీల కోడి పొదిగిందని
జంగయ్య కళ్లార చూసొచ్చి చెప్పిండు.

మా సాబు దినాం వచ్చేటోడు, జుమ్మాకొకసారి వచ్చిండు.
తర్వాత నౌకరుతో శర్బత్ సీసా పంపిండు,
సీసాల సగం పెట్రోలు, మూతికి గుడ్డపేలిక.
"ఒక్కసారి చాలు చేసి బంద్ చేయుండ్రి,
పానం పోకుండ."
చేసినం. పావురాలు లేచినయి.
సీసా ఖాళీ.

ఆ ఎండకాలం దాన్ని పెండ్లిళ్లకు కిరాయికిచ్చిండు.
ఇంజను బంద్. బ్యాటరీ మీద హారను, లైట్లు.
ఎనుక నేను, జంగయ్య, ఇద్దరు బ్యాండోళ్లు
మొగల్‌పుర దాంక తోసినం.
లోపల దూలా చెయ్యి ఊపుతుండు.
క్రోము బంపర్ల నా మొఖం
పొడుగు పోయి, దవడ వంకర పోయి
గుర్రం మొఖం లెక్క కనబడ్డది.
దీంట్ల మూడొందల గుర్రాలున్నయని
ఉస్తాద్ అనేటోడు.
ఆ రాత్రి నలుగురమే.

వానకాలంల ఇంజను దించినం.
రైలుపట్టాకు గొలుసేసి గుంజుతుంటే
గట్టి పన్ను లెక్క పట్టుకున్నది, ఒక పూటంత రాలే.
దాని జాగల, ఎవరి బాయి కాడనో నీళ్లు తోడిన
డీజిల్ ఇంజను కూసోబెట్టినం.
గాదెల గింజ లెక్క, సుట్టూ అంత ఖాళీ.
చాలు చేస్తే ముసలోడు మెట్లెక్కినట్టు
దగ్గింది, దగ్గింది, నడిచింది.
పావురాలు ముక్కుతో ఈకలు సదురుకుంటున్నయి.
దస్తగీర్ చేతులు కడుక్కోకనే నమాజుకు పోయిండు,
కమాను కాడ యాదికొచ్చి మర్రొచ్చిండు.

పాత ఇంజను మూలకు పడ్డది.
కబాడోడు కిలో లెక్కన అడిగిండు, ఉస్తాద్ ఇయ్యలే.
ఒక తొర్రల నట్లు ఏసుకున్నం, ఒకదాంట్ల బీడీ కట్టలు.
మిగిలినయాంట్ల వాననీళ్లు నిలిచేటివి,
మూడోదాంట్ల తప్ప.
టార్చి పెట్టి చూసిండు దస్తగీర్:
సన్న పగులు. పాతది. తుప్పు పట్టింది.
"ఇది పెట్రోలు పిరం కాకముందటిది" అన్నడు.
ఇంకెవ్వరికి చెప్పలే.

డెబ్బై ఆరుల నేను లూనా కొన్న, సెకండ్‌హ్యాండ్.
ఒకనాడు సాబు బస్టాపుల నిలబడ్డడు. ఎక్కమన్న.
షేర్వానీ అంచు చక్రంల పడకుండ
ఒడిల పట్టుకొని కూసున్నడు.
మాసబ్‌ట్యాంక్ ఎత్తు కాడ బండి ఏడ్చింది.
పెడళ్లు తొక్కిన. చాలలే.
దిగిండు. ఎనుక చెయ్యేసి తోసుకుంట,
ఊపిరి తీసుకుంట అడిగిండు:
"ఇది లీటరుకు ఎంత ఇస్తది బేటా?"
యాభై, అన్న.
నలభై కూడ ఇయ్యకపోయేది.
ఎత్తు అయిపోయే దాంక
మళ్లేం మాట్లాడలే,
చెయ్యి తియ్యలే.